'పర్లేదు సార్' ఏ క్లాసు కిందికొస్తుంది?

హాస్టల్లో వుండే దళిత విద్యార్థిని మెస్ ఎట్లా వుందని అడిగి చూడండి. 'పర్లేదు సార్' అంటాడు. స్కాలర్‌షిప్ సెక్షన్లో పనవుతున్నదా అంటే 'అవుతుంది లెండి సార్' అంటాడు. లైబ్రరీ, హెల్త్ సెంటరు, బాత్రూములు, దేని గురించి అడిగినా దాదాపు ఇదే జవాబు. ఆ 'పర్లేదు' లోపల ఏమేం వున్నాయో అందులోంచి వచ్చిన మనకి తెలుసు. ఇంటి దగ్గర ఇంతకన్నా అధ్వాన్నంగా తిన్న జ్ఞాపకం వుంది. అడిగే మనిషి సారు అన్న జంకు వుంది. చెప్తే మాత్రం ఏమొరిగిందన్న అనుభవం వుంది. ఎక్కువ మాట్లాడితే వైవాలో చూసుకుంటారన్న లెక్క కూడా వుంది. ఇప్పుడీ 'పర్లేదు'ని కంప్యూటర్లో వేసి ఈ విద్యార్థి తృప్తిగా వున్నాడా లేడా అని తేల్చే పని మొదలైంది. దీన్ని మెషీన్ లెర్నింగ్ అంటున్నారు.

క్యాంపస్ సర్వీసుల మీద విద్యార్థుల సంతృప్తిని మెషీన్ చేత వర్గీకరించే పరిశోధనా వ్యాసాలు కొన్నేళ్ళుగా కుప్పలు తెప్పలుగా వస్తున్నాయి. ఇండోనేషియా కాలేజీల నుంచి మన ఇంజనీరింగ్ కాలేజీల ఎం.టెక్ ప్రాజెక్టుల దాకా అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. కొన్ని వందల మందికి ఒక ఫారం ఇస్తారు. మెస్, హాస్టల్, ఆఫీసు, లైబ్రరీ మీద పాతిక ప్రశ్నలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు. ఆ జవాబుల్ని నైవ్ బేయస్‌కో, డెసిషన్ ట్రీకో, కె-నియరెస్ట్ నైబర్‌కో అప్పజెప్తారు. అది ప్రతి విద్యార్థినీ 'తృప్తి', 'అసంతృప్తి' అనే రెండు గంపల్లో ఏదో ఒకదాంట్లో పడేస్తుంది. చివర్లో ఒక పట్టిక, పట్టిక కింద 'మా పద్ధతి ఇంత శాతం కచ్చితం' అన్న వాక్యం. తొంభై దాటితే వ్యాసం అచ్చవుతుంది.

ఆ శాతం ఎట్లా వచ్చిందో చూద్దాం. తృప్తిపడ్డవాడు ఎవడు, పడనివాడు ఎవడు అన్నది మెషీన్‌కి ముందు మనుషులు చెప్పాలి. దాన్ని లేబుల్ అంటారు. చాలా వ్యాసాల్లో ఈ లేబుల్ వచ్చేది ఆ పాతిక జవాబుల సగటు నుంచే. సగటు మూడు దాటితే తృప్తి, దాటకపోతే అసంతృప్తి. తర్వాత అవే పాతిక జవాబులు మెషీన్‌కిచ్చి లేబుల్ కనిపెట్టమంటారు. అది కనిపెడుతుంది, కనిపెట్టక ఏం చేస్తుంది? పాతిక అంకెల సగటు తియ్యడం ఐదో తరగతి పిల్లకి వచ్చు. తానే పేపరు ఇచ్చి, తానే రాసి, తానే దిద్దుకున్నట్టుంటుంది వ్యవహారం. దీనికి 'కృత్రిమ మేధ' అన్న గంభీరమైన పేరు తగిలించేసరికి రిజిస్ట్రారు గారు కూడా నోరు మూసుకుని వింటారు.

లేబుల్ని విడిగా అడిగి తీసుకున్నారే అనుకుందాం. అప్పుడు ఇంకో తంటా వుంది. ఒక క్యాంపస్‌లో వెయ్యి మంది వున్నారు. 850 మంది తృప్తి అన్నారు, 150 మంది కాదన్నారు. ఏ తెలివీ లేని మెషీను ఒకటి పెట్టి అందర్నీ 'తృప్తి' గంపలో వేయించండి. అది 85 శాతం కచ్చితం! కాస్త తెలివైన మెషీను పెట్టారు. 850 మందిలో 840 మందిని సరిగ్గా పట్టుకుంది, 150 మందిలో 60 మందిని పట్టుకుంది. మొత్తం 900 సరి, అంటే 90 శాతం. వ్యాసం అచ్చుకి సిద్ధం. తప్పిపోయిన ఆ 90 మంది ఎవరు? ఏ హాస్టల్ వాళ్ళు, ఏ కులం వాళ్ళు, ఆడపిల్లలెందరు? ఆ 90 మందీ మనవాళ్ళే అయినా ఆ 90 శాతానికి చీమ కుట్టినట్టయినా వుండదు. ఈ తరహా వ్యాసాల్లో నేను చూసినంతలో తప్పుల్ని కులం వారీగా విడగొట్టి చూపించింది ఒక్కటీ లేదు.

ఈ శాస్త్రంలో తక్కువ సంఖ్యలో వున్న గంపని 'మైనారిటీ క్లాసు' అనే అంటారు. పేరు పెట్టినవాళ్ళకి మన రాజకీయాలు తెలియకపోవచ్చు గానీ పేరు మాత్రం సరిగ్గా కుదిరింది. మైనారిటీ క్లాసు మరీ పలచగా వుంటే దాన్ని పెంచడానికి 2002లో 'స్మోట్' అన్న ఉపాయం కనిపెట్టారు. ఇద్దరు అసంతృప్తుల జవాబులు తీసుకుని, వాటి నడుమ ఎక్కడో ఒకచోట లేని మనిషిని ఒకణ్ణి సృష్టించి లెక్కలో కలుపుతారు. లెక్కల్లో ఇది తప్పేం కాదు, ఉపయోగం కూడా వుంది. కానీ ఆ విచిత్రం చూడండి. వున్న మనిషి వార్డెన్ గది ముందు దరఖాస్తు పట్టుకుని నిలబడితే వినే దిక్కు లేదు. లేని మనిషిని కంప్యూటర్లో పుట్టించి అతని అసంతృప్తిని మాత్రం శ్రద్ధగా లెక్కపెడుతున్నారు.

ఇవి పైపైన కనబడే లోపాలు. తెలివైన గైడు దొరికితే సరిదిద్దుకోవచ్చు కూడా. అసలు జబ్బు సంతృప్తి అన్న మాటలోనే వుంది.

క్యాంపస్ సర్వీసుల ఫారాలు చాలావాటికి మూలం 'సర్వ్‌క్వాల్' అనే కొలబద్ద. పరశురామన్, జైతామల్, బెర్రీ అనే ముగ్గురు మార్కెటింగ్ ప్రొఫెసర్లు 1988లో అమెరికాలో దాన్ని ప్రకటించారు. బ్యాంకులు, క్రెడిట్ కార్డులు, రిపేరు షాపులు, టెలిఫోన్ కంపెనీల ఖాతాదార్ల కోసం తయారైన వస్తువు అది. దాని సూత్రం చాలా తేలిక. మనిషి ఎంత ఆశించాడు, ఎంత అందిందనుకున్నాడు, ఈ రెంటికీ తేడా ఎంత. తేడా తక్కువైతే సర్వీసు బాగున్నట్టు. బ్యాంకు ఖాతాదారు సంగతిలో ఇది నడవొచ్చు. కుల సమాజంలో దీన్ని పెడితే ఏమవుతుంది? కులం మనిషికి చేసే మొదటి పని ఆశని కత్తిరించడం. ఊరి చివర పుట్టి, సాంఘిక సంక్షేమ హాస్టల్లో పురుగుల అన్నం ఏరుకుని తిని, టెన్త్ గట్టెక్కి, యూనివర్శిటీ దాకా వచ్చిన పిల్లవాడు వేడి అన్నం, నీళ్ళ చారు చూస్తే ఏమాశిస్తాడు? తేడా సున్నా. తృప్తి సంపూర్ణం. పక్క గదిలో కార్పొరేట్ కాలేజీలో ఏసీ హాస్టల్ చూసొచ్చిన అబ్బాయికి అదే చారు మీద రెండు మార్కులు. ఈ లెక్క ప్రకారం మెస్ వల్ల అన్యాయమైపోయింది ఆ రెండోవాడికి! ముందు బాగుచెయ్యాల్సింది కూడా వాడి బ్లాకే అని మెషీన్ తేలుస్తుంది. ఇందులో మెషీన్ తప్పేం లేదు, ఇచ్చిన లెక్క చేసింది. ఆశ పడటం అలవాటున్నవాడి అసంతృప్తికే విలువుండే లెక్క ఇది.

ఇంకాస్త ముందుకెళ్ళి ఆలోచిద్దాం. మన ఊళ్ళ హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి వుండేది. కొన్నిచోట్ల పేపరు గ్లాసుల చాటున ఇప్పటికీ వుంది. ఆ హోటలు ముందు ఒక సంతృప్తి సర్వే పెట్టండి. టీ ఎట్లా వుంది, శుభ్రత ఎట్లా వుంది, యజమాని మర్యాద ఎట్లా వుంది? అత్యధికులు బ్రహ్మాండం అంటారు. అంతేకాదు, గ్లాసులు వేరుగా వున్నాయి కాబట్టే బ్రహ్మాండం అంటారు. రెండు గ్లాసులూ కలిపేసిన మర్నాడు సర్వే చేస్తే సగటు పడిపోతుంది. అంటరానితనం మెజారిటీకి ఎప్పుడూ తృప్తినిచ్చిన సర్వీసే.

పల్లెటూరి హోటలు సంగతి యూనివర్శిటీలకు అంటగడుతున్నాననుకునేవాళ్ళు వుంటారు. 2018 డిసెంబర్‌లో ఐఐటి మద్రాసులోని హిమాలయ మెస్ భవనంలో శాకాహారులకీ మాంసాహారులకీ వేర్వేరు ద్వారాలు, చేతులు కడుక్కునే చోట్లు చూపిస్తూ పోస్టర్లు వెలిశాయి. గొడవయ్యాక తీసేశారు. 2023లో ఐఐటి బొంబాయి హాస్టళ్ళ మెస్‌లో ఆరు టేబుళ్ళు శాకాహారులకే అని మెస్ కౌన్సిల్ తీర్మానించింది. ఆ టేబుల్ దగ్గర కూర్చుని మాంసం తిని నిరసన తెలిపిన విద్యార్థికి పదివేల రూపాయల జరిమానా వేసింది. మెస్ కౌన్సిల్ వాళ్ళ వాదన ఏమిటి? కొందరికి ఆ వాసన, ఆ దృశ్యం ఇబ్బందిగా వుంటుంది, వాళ్ళకి సౌకర్యంగా వుండే భోజనం కల్పించాలి. ఇది అచ్చంగా సంతృప్తి భాష. ఆరు టేబుళ్ళు పెట్టాక సర్వే చేస్తే మెస్ స్కోరు పెరిగే వుంటుందని నా అనుమానం. ఉస్మానియాలో 2012 ఏప్రిల్ 15న బీఫ్ ఫెస్టివల్ జరిపిన విద్యార్థులు అడిగింది ఎక్కువ మార్కుల మెస్ కాదు. మా తిండి క్యాంపస్‌లో వుండొచ్చా వుండకూడదా అని అడిగారు. ఆ రాత్రి రాళ్ళు పడ్డాయి. ఈ ప్రశ్నని ఒకటి నుంచి ఐదు లోపల ఎక్కడ పెడతారు?

ఇక ఫారం అసలు ఎవరి దాకా వెళ్తుంది? ఫారం నింపేది వున్నవాళ్ళు. వెళ్ళిపోయినవాళ్ళు నింపరు. 2023 డిసెంబర్‌లో కేంద్ర ప్రభుత్వమే లోక్‌సభకి చెప్పిన లెక్క వుంది. ఐదేళ్ళలో కేంద్రీయ విశ్వవిద్యాలయాలు, ఐఐటిలు, ఐఐఎంలు వదిలిపోయిన ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులు 13,626 మంది. ఒక్క కేంద్రీయ విశ్వవిద్యాలయాల నుంచే ఎస్సీలు 2,424, ఎస్టీలు 2,622, ఓబీసీలు 4,596. విద్యార్థులకి బోలెడన్ని దారులున్నాయి, వేరే చోట్లకి మారుతున్నారని మంత్రి గారు వివరణ ఇచ్చారు. ఈ పదమూడు వేల పైచిలుకు మందిలో ఒక్కడూ సంతృప్తి డేటాలో కనబడడు. అందరికన్నా ఎక్కువ దెబ్బ తిన్నవాడు వెళ్ళిపోయిన మరుక్షణం సగటు కొంచెం పెరుగుతుంది. హాస్టల్లో పేరు లేకుండా స్నేహితుడి గదిలో చాప మీద పడుకునే నాన్‌బోర్డరు పేరూ వుండదు. హాస్టల్ బుక్కులో లేనివాడు కంప్యూటర్లోకి ఎట్లా వస్తాడు?

రోహిత్ వేముల సంగతే తీసుకోండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్శిటీలో ఐదుగురు దళిత స్కాలర్లని హాస్టల్ నుంచి బయటకి పంపితే ఆరుబయట వెలివాడ వేసుకుని పడుకున్నారు. 2016 జనవరి 17న చనిపోయేముందు రాసిన ఉత్తరంలో తనకి ఏడు నెలల ఫెలోషిప్, లక్షా డెబ్బై అయిదు వేలు రావాల్సి వుందని, అది తన వాళ్ళకి అందేట్టు చూడమని అడిగాడు. మనిషిని ఒక అంకెకి కుదించేస్తున్నారన్న బాధ కూడా ఆ ఉత్తరంలోనే వుంది. ఫెలోషిప్ అన్నది క్యాంపస్ సర్వీసే కదా. ఏడు నెలల ఆలస్యం మీద అతను తృప్తిగా వున్నాడా లేడా అన్నది అడగాల్సిన ప్రశ్నేనా? బకాయి అంటే బకాయే. దానికి ఆఫీసులో ఫైలుంది, ఫైలుకి తేదీ వుంది, సంతకం పెట్టని మనిషికి పేరుంది. సంతృప్తి సర్వే చేసే అసలు మేలు ఇదే. హక్కుని అభిరుచిగా మార్చేస్తుంది. ఫిర్యాదుకి జవాబు చెప్పాలి, ఫీడ్‌బ్యాక్‌కి థాంక్యూ చెప్తే చాలు.

కులం గురించి అడగలేదు కాబట్టి మా మెషీన్‌కి కులం తెలియదు అంటారు. న్యాక్ 2017లో తెచ్చిన విద్యార్థి సంతృప్తి సర్వే కూడా ఇంతే. ఆడా మగా, ఏ డిగ్రీ, ఏ సబ్జెక్టు అని అడిగి, బోధన మీద ఇరవై ప్రశ్నలకు సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు వెయ్యమంది, ఇరవై ఒకటోదాంట్లో సూచనలు రాయమంది. కులం మాటెత్తలేదు. యూనివర్శిటీ అయితే పది శాతం మందో ఐదు వందల మందో, ఏది తక్కువైతే అంతమంది జవాబిస్తే చాలన్నారు. ఏది తక్కువైతే అంత అంటే, ఎవరు తప్పిపోయినా ఫరవాలేదనే. (న్యాక్ గ్రేడు కోసం లంచాలు తీసుకున్నారన్న కేసులో 2025 ఫిబ్రవరిలో సీబీఐ పరిశీలక బృందం వాళ్ళనే అరెస్టు చేసింది. కచ్చితత్వం గురించి ఇంకేం మాట్లాడతాం.) చాలా కాలేజీల్లో ఫీడ్‌బ్యాక్ నింపితేనే హాల్‌టికెట్టు బయటికొస్తుంది. పిల్లలు నెట్ సెంటర్లో కూర్చుని ఐదు, ఐదు, ఐదు అని వరసగా నొక్కి బయటపడతారు.

కులం అడక్కపోయినా మెషీన్‌కి తెలుస్తుంది. ఐఐటి బొంబాయిలో ఎస్సీ, ఎస్టీ స్టూడెంట్ సెల్ 2022లో చేసిన సర్వేలో 388 మంది పాల్గొన్నారు. తోటి విద్యార్థులు మా కులం తెలుసుకోవడానికే ర్యాంకు అడిగారని వాళ్ళలో 37 శాతం మంది చెప్పారు. మనిషి ర్యాంకు నుంచి కులాన్ని లాగగలిగితే మెషీన్ లాగలేదా? ర్యాంకు, తండ్రి వృత్తి, జిల్లా, ఫీజు రీయింబర్స్‌మెంటు, హాస్టల్ బ్లాకు ఇచ్చాక కులం గడి ఖాళీగా వున్నా ఒకటే, నిండినా ఒకటే. తేడా ఒక్కటే, వివక్ష పనిచేస్తుంది గానీ మనం వేలెత్తి చూపడానికి రుజువు వుండదు. అట్లాగని గడి పెట్టి రోల్ నెంబరు పక్కనే కులం రాయమంటే మనవాడు నిజం రాస్తాడా? అడిగితే భయం, అడక్కపోతే మాయం. ఈ చిక్కుముడిని ఏ అల్గారిథమూ విప్పదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థులు హాస్టళ్ళలోనే విడిగా గుంపుకట్టి బతకాల్సి వస్తున్నదన్న సంగతి 2007లో థోరట్ కమిటీ బయటపెట్టింది. ఆ పని జరిగింది నమ్మకస్తులైన మనుషులు కూర్చుని విద్యార్థుల చేత మాట్లాడించడం వల్ల.

'సూచనలు రాయండి' అన్న డబ్బాలో రాసే మాటల్ని కూడా మెషీన్ చదువుతుంది. మన పిల్లలు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తారు, అందులో సగం వెటకారం. 'వార్డెన్ గారి దయవల్ల నీళ్ళు వారానికోసారి వస్తున్నాయి' అంటే దయ, నీళ్ళు, వస్తున్నాయి అన్నీ మంచి మాటలే. తృప్తి గంపలో పడుతుంది. నవ్వుకోవడానికి బాగుంది గానీ దీనికన్నా పెద్ద విషయం ఇంకోటుంది.

సర్వీసు అంటున్నామే, ఆ సర్వీసు చేసేది ఎవరు? ఫారంలో 'మరుగుదొడ్ల శుభ్రత' అన్న ప్రశ్న తప్పకుండా వుంటుంది. ఆ మరుగుదొడ్లు కడిగేది కాంట్రాక్టరు కింద పనిచేసే మనుషులు. ఏ క్యాంపస్‌లో చూసినా వాళ్ళలో మాదిగ, మాల, రెల్లి ఆడవాళ్ళే ఎక్కువగా కనబడతారు. పైపులో నీళ్ళు రావు, ఫినాయిలు ఇవ్వరు, ఇద్దరు చెయ్యాల్సిన బ్లాకులు ఒక్కామెకి అప్పజెప్తారు. విద్యార్థి ఒకటి మార్కు వేస్తాడు. సంతృప్తిని అన్నిటికన్నా ఎక్కువగా నిర్ణయించే అంశం శుభ్రత అని మెషీన్ తేలుస్తుంది. వ్యాసం చివర 'యాజమాన్యానికి సిఫార్సులు' అన్న పేరాలో శుభ్రత సిబ్బంది మీద పర్యవేక్షణ పెంచాలని రాస్తారు. అది కాంట్రాక్టరు దాకా పోయి మాస్టర్లో ఒక రోజు కోతగా తేలుతుంది. ఇటు గదిలో ఆమె కొడుకు వయసు దళిత విద్యార్థి ఫారం నింపుతున్నాడు, అటు ఆమె చీపురు పట్టుకుని వుంది. ఇద్దర్నీ ఒక కొలబద్దకి చెరో కొసన నిలబెట్టి, మధ్యలో నీళ్ళివ్వని ఇంజనీరింగ్ సెక్షనూ బిల్లు తగ్గించే ఫైనాన్సు ఆఫీసూ తప్పుకున్నాయి. ఆమె సంతృప్తిని కొలిచిన వ్యాసం ఒక్కటైనా వుంటే నాకు చూపించండి.

ఇదంతా చదివి, లెక్కలొద్దు, కంప్యూటరొద్దు అంటున్నాడనుకుంటే పొరపాటు. అంకెలంటే మనకి భయం లేదు. అంకెల కోసం పోట్లాడిన చరిత్ర మనది. 1932లో లోథియన్ కమిటీ ముందు, ఓటు హక్కు వస్తుందనేసరికి, కొన్ని రాష్ట్రాల్లో సవర్ణ హిందువులు మా దగ్గర అంటరానివాళ్ళు లేనే లేరు, వున్నా కొద్దిమందే అని వాదించారు. అంబేద్కర్ ఆ లెక్కని ఒప్పుకోక విడిగా తన నోట్ రాసి పెట్టాడు. లెక్కపెట్టేది ఎవరు, గంపలకి పేరు పెట్టేది ఎవరు అన్నది ఆనాడూ తగాదానే. 'తృప్తి', 'అసంతృప్తి' అన్న గంపలు మనం పెట్టినవి కావు.

ఇట్లాంటి ప్రాజెక్టులు చేస్తున్నవాళ్ళలో మన పిల్లలు కూడా చాలామంది వున్నారు. గైడు ఇచ్చిన టాపిక్, నెట్‌లో దొరికిన డేటా, మూడు నెలల గడువు. వాళ్ళని తప్పుపట్టలేను. వాళ్ళకి చెప్పేదల్లా, మెషీన్‌ని విద్యార్థి మీదికి కాకుండా ఆఫీసు మీదికి తిప్పండి అనే. ఫెలోషిప్ అర్జీ ఏ రోజు అందింది, ఏ రోజు డబ్బు పడింది, ఏ బల్ల దగ్గర ఎన్ని రోజులు ఆగింది, ఎస్సీ, ఎస్టీ ఫైళ్ళు మిగతావాటికన్నా ఎక్కువ ఆగుతున్నాయా? హాస్టల్ గదుల కేటాయింపులో ఏ కులం ఏ బ్లాకులో పడుతున్నది? మెస్ బకాయి పేరు మీద నో డ్యూస్ ఆపినవాళ్ళలో రీయింబర్స్‌మెంట్ పిల్లలెంతమంది? ఇవన్నీ యూనివర్శిటీ దగ్గర వున్న రికార్డులు, సమాచార హక్కు కింద అడగొచ్చు. అనేకసార్లు మెషీన్ కూడా అక్కర్లేదు, ఒక రూళ్ళ పుస్తకం చాలు. సమాన అవకాశాల సెల్, వివక్ష వ్యతిరేక అధికారి వుండాలని 2012లోనే యూజీసీ నిబంధనలు చెప్పాయి. ఆ అధికారి టేబుల్ మీద వుండాల్సిన కాగితం సంతృప్తి గ్రాఫు కాదు, ఈ తేదీల పట్టిక.

ఈ సెమిస్టరు కూడా మీకు ఫారం వస్తుంది. హాల్‌టికెట్టు కోసం నింపక తప్పదు. మార్కులు ఎట్లాగైనా వేసుకోండి. సూచనల డబ్బా వచ్చినప్పుడు మాత్రం బాగుంది, బాగాలేదు అని రాయకండి. అర్జీ పెట్టిన తేదీ, డబ్బు పడిన తేదీ, నీళ్ళు రాని రోజులు, హాస్టల్ బ్లాకు పేరు రాయండి. ఫోన్లో ఒక ఫోటో తీసి మీ దగ్గర పెట్టుకోండి.